పత్తి పురుగుకు పదికోట్ల ఏళ్ల నాటి చుట్టం

పల్నాడులో పత్తి వేసినవాళ్లకు గులాబీ రంగు పురుగును కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. కాయలో దూరి గింజలు తినే ఆ పురుగే పెరిగి చిన్న గోధుమ రంగు రెక్కల పురుగవుతుంది. నరసరావుపేటలో జంతుశాస్త్రం చెప్పే రోజుల్లో, గురజాల చేలల్లోని లింగాకర్షక బుట్టల్లో పడ్డవాటిని తెప్పించి, భూతద్దం కింద పెట్టి "దీని నోరు చూపించండ్రా" అనేవాణ్ణి. పిల్లలు దవడల కోసం వెతికేవాళ్లు. కనిపించేది చుట్ట చుట్టుకున్న సన్నని గొట్టం. నమిలే పనంతా పురుగు దశతోనే సరి.

రెక్కలొచ్చాక కూడా నమిలే రకాలున్నాయి. మయన్మార్‌లోని హుకాంగ్ లోయ అంబర్‌లో (రాయిలా గట్టిపడిన చెట్టు జిగురులో) చిక్కిన ఒకదాన్ని 1919లో కాకరెల్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. ఇప్పటి పేరు సబాటింకా పెర్వెటా. ఆ అంబర్ వయసు దాదాపు 9.9 కోట్ల ఏళ్లు. ఆ జాతి అంతరించింది గానీ దాని దగ్గరి చుట్టాలు న్యూజిలాండ్, న్యూ కాలెడోనియా అడవుల్లో ఇప్పటికీ ఉన్నాయి. వాటికి గొట్టం లేదు. దవడలతో పుప్పొడినీ, ఫెర్న్ మొక్కల సిద్ధబీజాలనూ నమిలి తింటాయి. సీతాకోకచిలుకలు, ఇలాంటి రెక్కల పురుగుల వంశంలో అతి పాత కొమ్మల్లో ఇదొకటి. గొట్టం తర్వాత వచ్చిన ఏర్పాటు.

"మన మాచర్ల నాపరాళ్లలో ఇలాంటివి దొరకవా సార్?" అని అడిగేవాళ్లు. దొరకవు. సముద్రం అడుగున ఆ రాయి పేరుకునేనాటికి నేలమీద చెట్లే లేవు. అంబర్‌కు చెట్టు జిగురు కావాలి. అదీ తుమ్మబంక లాంటిది కాదు, బంక నీళ్లలో కరిగిపోతుంది. గుగ్గిలం లాంటి జిగురు పురుగును మూసేసి, మట్టిలో పూడి, కోట్ల ఏళ్లకు గట్టిపడితేనే అంబర్. గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గనిలో సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి అంబర్ దొరికింది. అది గుగ్గిలం చెట్టు కుటుంబానిదే.

మళ్లీ పత్తి చేలోకి వద్దాం. ఇంతకాలం నిలిచిన ఈ పురుగుల వంశం ఒక్క మందుకు లొంగుతుందనుకోవడం అత్యాశ. పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తి 2002లో, 2006లో రెండు జన్యువుల రకం వచ్చాయి. గులాబీ పురుగు రెండింటినీ తట్టుకుంది. పంట అయ్యాక అది ఎండు కాయల్లో, గింజల్లో నిద్రావస్థలో దాగుతుంది. కాబట్టి ఆఖరి తీత ఆశతో చేను వేసవిదాకా లాగొద్దు. కట్టె పీకెయ్యండి, గట్టుమీద కుప్ప వెయ్యకండి.