సూది ఎవరికి గుచ్చుకుంటుంది?

నర్సింగు చదివే పిల్లల్లో ఆందోళన ఎక్కువ అంటారు. వార్డు డ్యూటీ అంటే నిద్ర పట్టదు, ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు చెయ్యి వణుకుతుంది. దానికి కౌన్సెలింగు, యోగా అని సలహాలు చెబుతారు. ఆ పిల్ల దేనికి భయపడుతోందని అడిగేవాళ్లు తక్కువ.

ఆ భయానికి లెక్క ఉంది. రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, ఆ రోగికి హెచ్.ఐ.వి. ఉన్నా సోకే అవకాశం వెయ్యికి సుమారు 3. హెపటైటిస్ సి అయితే నూటికి 2 లోపు. హెపటైటిస్ బి మాత్రం, టీకా వేసుకోని మనిషికి నూటికి 6 నుంచి 30 దాకా. అందరూ వణికేది మొదటిదానికి, అసలు ప్రమాదం మూడోదానితో. టీకా ఉన్నది కూడా దానికే. మూడు డోసులు పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది. అంటే కాలేజీలో చేరిన రోజే మొదలుపెట్టాలి.

సూది గుచ్చుకుంటే వేలు పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, సబ్బు నీళ్లతో కడగాలి. హెచ్.ఐ.వి. నివారణ మందులు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ మూడు రోజుల్లో ఆ పిల్ల ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి గదా. ఎవరికి? వార్డు సిస్టరు ‘నీ అజాగ్రత్తే’ అంటుందేమో. ట్యూటరు చేతిలో ఇంటర్నల్ మార్కులున్నాయి. కూలికి పోయే అమ్మకు చెబితే చదువు మానిపిస్తుందని భయం. హాస్టల్లో తెలిస్తే కంచం వేరు చేస్తారు. అంటు అంటే ఏమిటో మన పిల్లలకి ఇంకొకరు నేర్పనక్కర్లేదు.

ఈ పనిలోకి మనవాళ్లు వచ్చిన దారి కూడా అదే. రోగి ఒళ్లు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం అగ్రవర్ణాలకు మైల. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి లాంటి మిషన్ ఆసుపత్రులు వచ్చాక, క్రైస్తవంలోకి వెళ్లిన మాల మాదిగ ఇళ్ల ఆడపిల్లలకి ఆ మైల పనే చదువూ జీతమూ అయింది. గౌరవం కొంత దక్కింది. పని మీద చిన్నచూపు మాత్రం పోలేదు.

సూది నడిచే దారి చూడండి. డాక్టరు వాడి ట్రేలో పడేస్తాడు. సర్దేది స్టూడెంటు. రెండు చేతులతో మూత పెట్టబోతే గుచ్చుకుంటుంది. కట్టర్ పని చెయ్యకపోతే అది చెత్త సంచిలో పడి, ఆ సంచి ఎత్తే మాదిగ, మాల, రెల్లి ఆడమనిషి చేతికి దిగుతుంది.

చట్టం లేక కాదు. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన సూదులు గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలో వెయ్యాలి. వ్యర్థాలు ముట్టుకునే వాళ్లందరికీ హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు ఆసుపత్రే వేయించాలి. ప్రమాదం ఉన్న చోట పనిచేసే వాళ్లకు రక్షణ సామగ్రి, నివారణ మందులు ఇవ్వాలని 2017 హెచ్.ఐ.వి. చట్టం చెబుతోంది. అయితే, స్టూడెంటు ‘పనిచేసే’ మనిషి కాదు, నేర్చుకునే మనిషి అంటారు. నైట్ డ్యూటీ చార్టు వేసేటప్పుడు మాత్రం ఆమె సిబ్బంది లెక్కలోకి వస్తుంది!

ఉపాధ్యాయులు, విద్యార్థి సంఘాలవాళ్లు పోస్టింగుకు ముందే కాలేజీని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రతి పిల్లకీ మూడు డోసులూ ఏ తేదీల్లో పడ్డాయి? గాయాల రిజిస్టరులో స్టూడెంటు పేరు రాస్తారా? రాత్రి రెండింటికి సూది గుచ్చుకుంటే మందుల అలమర తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?