నేరము - నింద

తనకు వెగటైన దానినెల్ల నేరమనడం లోకస్వభావం. వయోజనులు పరస్పర సమ్మతితో, ఏకాంతంలో నెరపే కొన్ని సంబంధాలను సైతం ఆంగ్లేయ ప్రభుత్వం 1860 నాటి శిక్షాస్మృతి 377వ సెక్షనులో ప్రకృతివిరుద్ధాలన్నది. యావజ్జీవ శిక్షకు లోనుచేసింది. అంతకు ఎన్నో శతాబ్దాల క్రిందటనే వాత్స్యాయనుడు అట్టి ఆచారాలను దాచక చర్చించి, దేశకాలాలను, ఆత్మస్వభావాన్ని విచారించి నడుచుకొమ్మన్నాడు.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు సమ్మతిగల వయోజనుల విషయంలో ఆ నేరాన్ని తొలగించింది. 2024 జులై 1న ఆ స్మృతియే అంతరించింది. నేరం పోయింది, నింద పోలేదు. నడకను బట్టి, గొంతును బట్టి ఒక బాలుని తోటివారు గేలిచేస్తుండగా ఉపాధ్యాయుడు నవ్వి ఊరుకుంటే, రద్దయిన శాసనాన్ని ఆయన తరగతిలో మరల అమలు జరిపినట్లే.

పరుల అభిరుచి మనకు నచ్చనక్కరలేదు. బలాత్కారమూ, బాలలకు హానీ లేనిచోట దండించే అధికారం మాత్రం మనకు లేదు.