సప్రెషన్ లిస్ట్

కెనడాలోని సర్రీలో ఒక తెలుగు మిఠాయి కొట్టు సంక్రాంతి అరిసెల ఆఫర్‌ను 2 వేల మందికి ఈమెయిల్ చేసిందనుకుందాం. కొన్ని చిరునామాలు ఎప్పుడో మూతపడ్డాయి. కొందరు విసుగొచ్చి 'స్పామ్' అని నొక్కారు. వాళ్లకే మళ్లీ పంపితే ఆ కొట్టు ఖాతాకు చెడ్డపేరు వస్తుంది.

అలాంటి చిరునామాలను పక్కన పెట్టే జాబితాయే సప్రెషన్ లిస్ట్. అమెజాన్ ఈమెయిల్ సేవ ఎస్ఈఎస్‌లో దీన్ని ఖాతా మొత్తానికీ వర్తింపజేయొచ్చు. సెట్టింగులను కోడ్‌గా రాసే టెర్రాఫార్మ్ వంటి సాధనంతో అయితే 'బౌన్స్' (మెయిల్ చేరకపోవడం), 'కంప్లైంట్' (స్పామ్ అని నొక్కడం) అనే రెండు కారణాలను కోడ్‌లో రాస్తే చాలు. తెరమీద మీటలు నొక్కుతూ పోతే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుండదు. కోడ్‌లో ప్రతి మార్పూ పద్దులా నిలుస్తుంది. 2019 నవంబరు 25 తర్వాత ఎస్ఈఎస్ వాడకం మొదలుపెట్టిన ఖాతాలకు ఈ రెండు కారణాలూ ముందే అమలులో ఉంటాయి. పాత ఖాతాదారులు మాత్రం వీటిని తామే అమర్చుకోవాలి.

అయితే ఇక్కడే చాలామంది పొరబడతారు. చందాదారుడు 'ఇక వద్దు' అని నొక్కితే ఆ చిరునామా తనంతట తాను ఈ జాబితాలోకి రాదు. ఆ లెక్కను కొట్టే విడిగా చూసుకోవాలి, లేదంటే చట్టంతో చిక్కు.

కెనడాలో 2014 జులై 1న అమలులోకి వచ్చిన స్పామ్ నిరోధక చట్టం ప్రకారం, వద్దన్నవారికి 10 పనిదినాల్లోగా వాణిజ్య సందేశాలు ఆపాలి. ఉల్లంఘించిన సంస్థకు కోటి డాలర్ల దాకా జరిమానా పడవచ్చు.