వైన్ రుచి నాలుకకు పట్టాలంటే

మొదటిసారి రెడ్ వైన్ తాగినవాళ్లు చాలామంది మొహం చిట్లిస్తారు. ద్రాక్షతో చేసింది కదా, తియ్యగా ఉంటుందనుకుంటారు. కానీ పులిసేటప్పుడు పండులోని చక్కెరను ఈస్ట్ ఆల్కహాలుగా మార్చేస్తుంది. అందుకే చాలా వైన్లలో తీపి పెద్దగా మిగలదు. పులుపు, వగరు బయటపడతాయి.

ఆ వగరుకు కారణం టానిన్లు. ఇవి ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉంటాయి. రెడ్ వైన్‌ను తొక్కలతో సహా పులియబెడతారు కనుక రంగుతో పాటు వగరూ దిగుతుంది. వైట్ వైన్‌కు మాత్రం సాధారణంగా రసం పిండి, తొక్కలు ముందే తీసేస్తారు. టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. నోట్లో జారుడు తగ్గి, నాలుక బిగుసుకున్నట్టు ఉంటుంది. పచ్చి జామకాయ కొరికినప్పుడు జరిగేదీ ఇదే. పక్కన మాంసమో చీజో ఉంటే వగరు మెత్తబడుతుంది.

కాబట్టి వగరు తక్కువ ఉన్నవాటితో మొదలుపెట్టడం మేలు. నాసిక్‌లో చేసే చెనిన్ బ్లాంక్ వంటి వైట్ వైన్ ముందు, పలుచటి తొక్క గల పినో నువా తర్వాత, షిరాజ్, కేబర్నే సావినాన్ ఆ పైన. రెడ్ వైన్‌కు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం నప్పుతుంది. మన వేసవిలో గది వేడికి ఆల్కహాలు ఘాటే ముందుకొస్తుంది కనుక సీసాను కాసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి.

రెండు రకాలను పక్కపక్కన పెట్టుకుంటే తేడా త్వరగా తెలుస్తుంది. గ్లాసులో మూడో వంతే పోసి, తిప్పి, వాసన చూడండి. ముక్కు మూసుకుని ఒక గుక్క నోట్లో ఉంచుకోండి. పులుపు, వగరు తెలుస్తాయి, పండు జాడ ఉండదు. ముక్కు వదలగానే అది వచ్చేస్తుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే మరి. తోచింది రెండు ముక్కల్లో రాసిపెట్టుకోండి.

ధరను, పేరును నమ్ముకోనక్కర్లేదు. 1976లో పారిస్‌లో పేర్లు దాచి పోటీ పెడితే, ఫ్రెంచ్ నిపుణులే కాలిఫోర్నియా వైన్లకు రెడ్‌లోనూ వైట్‌లోనూ మొదటి స్థానం ఇచ్చారు.

రుచి చూడటం వృత్తిగా ఉన్నవాళ్లు నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. ఎక్కువ తాగినంత మాత్రాన రుచి ఎక్కువ తెలియదు, తెలిసేదీ మొద్దుబారుతుంది. ఆల్కహాలు చేసే హాని వైన్‌లోనూ ఉంది. అలవాటు లేనివాళ్లు రుచి కోసమని మొదలుపెట్టాల్సిన పని లేదు. తాగేవాళ్లు మాత్రం కొద్దిగా, శ్రద్ధగా తాగాలి.