పేషెంటు వెంబడి ఎవరొచ్చిన్రు?

మా మహబూబ్‌నగర్ బస్టాండు వైపు వెళితే, జడలు కట్టిన జుట్టుతో తనలో తనే మాట్లాడుకునే మనిషి ఎవరో ఒకరు కనబడుతూనే ఉంటారు. మనమేం చేస్తాం? పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని పక్కకు తప్పుకుంటాం. మరీ జాలేస్తే ఓ అరటిపండు చేతిలో పెట్టి, "అయ్యో, ఎవరి బిడ్డనో!" అనుకుంటూ బస్సెక్కేస్తాం.

ఇలాంటివారి కోసం చట్టముందని మనలో ఎందరికి తెలుసు? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇల్లూవాకిలీ లేనివారికి సర్కారు మానసిక వైద్యం పూర్తిగా ఉచితం. తమను తాము చూసుకోలేక రోడ్ల మీద తిరిగేవారిని పోలీసులు తమ రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా దగ్గర్లోని సర్కారు దవాఖానకు చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. వాళ్ల ఇంటివాళ్లెవరో వెతికే బాధ్యతా పోలీసులదే.

మరి చిక్కెక్కడ? ఓసారి మా వీధి ఆడవాళ్లం నలుగురం కలిసి ఒకామెను సర్కారు దవాఖానకు తీసుకెళ్లాం. చీటీ రాసే అబ్బాయి అడిగిన మొదటి మాట, "పేషెంటు వెంబడి ఎవరొచ్చిన్రు?" అని. మేమే అన్నాం. "రాత్రికి ఎవరుంటరమ్మా మరి?" అన్నాడు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అతణ్ణి తప్పుపట్టలేను. ఉన్న ఒక్క నర్సమ్మ ఎన్ని మంచాలని చూస్తుంది? స్నానం చేయించాలి, మాత్ర మింగిందో లేదో చూడాలి, రాత్రి లేచి వెళ్లిపోకుండా కనిపెట్టుకుని ఉండాలి. మనింట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఈ చాకిరీ అంతా మనమే చేస్తాం గనక దానికో ఖరీదుందని ఎవరూ లెక్కగట్టరు. సర్కారు లెక్కల్లోనూ అంతే!

మా పాలమూరులో దీనికి తోడు మందు కల్లు ఒకటి. అందులో కలిపే డైజిపాం, అల్ప్రాజోలం అలవాటైన ఒంటికి అవి ఒక్కసారిగా అందకపోతే ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో జనం ఇలాగే దవాఖానలకు చేరారు. ఇల్లున్నవాణ్ణి భార్యో తల్లో రెక్క పట్టుకుని తీసుకెళుతుంది. రైల్వేస్టేషన్ దగ్గర పడుకునే అడ్డా కూలీని ఎవరు తీసుకెళతారు? వాడికొచ్చింది పిచ్చి కాదు, మత్తు ఆగిన బాధ అని డాక్టరుకు చెప్పేదెవరు?

చెన్నైలో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరమ్మాయిలు 1993లో 'ది బానియన్' సంస్థను మొదలుపెట్టారు, దిక్కులేక వీధుల్లో తిరిగే ఆడవాళ్ల కోసమే. 2018లో తమిళనాడు ప్రభుత్వం కొన్ని జిల్లాల్లో ఇలాంటివారికి ప్రత్యేక కేంద్రాలు తెరిచింది. నడిపేది స్వచ్ఛంద సంస్థలు, సొమ్ము సర్కారుది.

మనకూ 2016 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఓ పది మంచాలు, మూడు షిఫ్టుల ఆయాలు, ఊరూపేరూ వెతికిపెట్టే ఓ సోషల్ వర్కరు, నయమయ్యాక తలదాచుకోను ఓ ఇల్లు... కోరేది ఇంతే కదా! అలాంటి ఇళ్లు ఏర్పాటు చేయాలని చట్టమే చెబుతోంది. ఆబ్కారీ మీద వచ్చే రాబడిలో ఇదెంత భాగమట?

ఈసారి ఎమ్మెల్యేగారు మన పొదుపు సంఘం మీటింగుకు వచ్చినప్పుడు నేను అడగబోయేది ఒక్కటే: రాత్రి డ్యూటీకి ఎంతమంది ఆయాలను పెడతారు, వాళ్ల జీతం ఏ పద్దు కింద రాస్తారు అని.