మీకు తెలుసా? బోటు ఎక్కేముందు చూడాల్సింది సోఫాలు కాదు, గొట్టాలు

పల్నాటివాళ్లకు పాంటూన్ బోటు పూర్తిగా కొత్తదేమీ కాదు. అచ్చంపేట మండలం మాదిపాడు రేవులో కృష్ణ దాటించే బల్లకట్టుదీ అదే కిటుకు. ఎడంగా తేలేవాటి మీద చదునైన అరుగు పరిచి, దానిమీద మనుషుల్నీ బండ్లనీ ఎక్కించడమే. 1950ల మొదట్లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆంబ్రోస్ వీర్స్ అనే రైతు ఇనుప పీపాలను వరుసగా అతికి చేసిన రెండు గొట్టాల మీద చెక్క అరుగు బిగించి నీళ్లలోకి దింపాడు. ఇంటిల్లిపాదీ షికారుకెళ్లే నేటి పాంటూన్ బోట్లు ఆ దారిలో వచ్చినవే.

జనమంతా ఫొటోల కోసం ఒకే పక్కకు జరిగితే ఆ పక్క గొట్టం ఇంకాస్త మునుగుతుంది. మునిగినకొద్దీ నీరు దాన్ని అంత గట్టిగా పైకి తోస్తుంది. గొట్టాల మధ్య ఎడం పెరిగేకొద్దీ ఒరుగుడు తగ్గుతుంది. చంటిపిల్లలూ, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లూ ఉన్న కుటుంబానికి సన్నటి స్పీడుబోటు కన్నా పాంటూనే నయం.

మరి ఎదురుగా ఉన్న రెండు పాంటూన్ బోట్లూ ఒకే పొడవు, అవే సీట్లు, అదే పైకప్పు అయితే ఏది ఎంచుకోవాలి? అరుగు కిందికి వంగి చూడండి. 60 సెంటీమీటర్ల వ్యాసం, 7 మీటర్ల పొడవున్న గొట్టం పూర్తిగా మునిగితే సుమారు 1,980 కిలోల నీటిని పక్కకు నెడుతుంది. అంటే అంత బరువును తేలుస్తుంది. రెండు గొట్టాలకు 3,960 కిలోలు. కానీ గొట్టం సగానికి మించి మునగకుండా ఉంటేనే నిబ్బరం, కాబట్టి లెక్కకు వచ్చేది 1,980 కిలోలే. ఇంజను, ఆయిలు, అరుగుతో కలిపి బోటు సొంత బరువే 1,100 కిలోలనుకుంటే మిగిలేది 880. మనిషికి 70 కిలోల చొప్పున పన్నెండు మంది. పదమూడో మనిషికి సీటు ఖాళీగా ఉన్నా చోటు లేనట్టే! మూడో గొట్టం ఉన్న బోటు దాదాపు ఒకటిన్నర రెట్లు మోస్తుంది. దాని ధర ఎక్కువ ఉండేది అందుకే.

చెరువులో షికారుకు రెండు గొట్టాలు చాలు. నాగార్జునసాగర్ సంగతి వేరు. జలాశయం విస్తీర్ణం సుమారు 285 చదరపు కిలోమీటర్లు, గాలి లేస్తే అలలూ లేస్తాయి. అలాంటి నీళ్లకు మూడు గొట్టాల బోటుకే నా ఓటు. ప్రతి గొట్టమూ లోపల విడివిడి గదులుగా ఉందో లేదో కూడా అడగండి. గదులుంటే ఒకచోట చిల్లుపడినా నీళ్లు ఆ గదికే పరిమితమవుతాయి.

మాచర్ల మండలం విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్లేవి లాంచీలు, పాంటూన్లు కావు. బరువు సూత్రం మాత్రం వాటికీ వర్తిస్తుంది. జనం పై అంతస్తుకు ఎక్కేకొద్దీ బరువు పైకి చేరి ఒరుగుడు ఎక్కువవుతుంది. సరంగు కిందికి దిగమంటే వెంటనే దిగండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో బోటు మునిగి యాభై మంది దాకా చనిపోయారు. నది ఉధృతంగా ఉన్నరోజు ఏ బోటు మంచిదన్న ప్రశ్నే వద్దు, ప్రయాణం మానుకోండి.

పిల్లలకు పెద్దవాళ్ల లైఫ్ జాకెట్ తొడిగి సరిపెట్టకండి. పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ చెవులదాకా జారి వచ్చిందంటే అది ఆ బిడ్డది కాదు. సరిపడే జాకెట్ రేవులో దొరక్కపోతే తర్వాతి ట్రిప్పుకు ఆగండి. అన్నట్టు శుక్రవారం నాగార్జునకొండ మ్యూజియానికి సెలవు, ఆ రోజు బయల్దేరకండి.