వర్సాన్‌లో వీధుల లెక్క

దుబాయ్‌లో అద్దె కాస్త అందుబాటులో ఉండే ఇల్లు వెతికే తెలుగువాళ్లకు తెలిసిన వాళ్లు చెప్పే పేర్లలో ఇంటర్నేషనల్ సిటీ ఒకటి. అల్ వర్సాన్‌లో నఖీల్ సంస్థ సుమారు 800 హెక్టార్లలో వేసిన ఈ కాలనీలో అపార్ట్‌మెంట్ల గుంపులకు దేశాల పేర్లు పెట్టారు. అందుకే ఇక్కడ ఒకాయన రష్యాలో కాపురం ఉంటాడు, ఆయన స్నేహితుడు మొరాకోలో. మధ్యాహ్నం ఇద్దరూ చైనాలో కలుసుకోవచ్చు, వీసాతో పనిలేదు.

దేశాలు దాటడం తేలికే. చిక్కంతా పొద్దున్నే కాలనీ దాటి మెయిన్ రోడ్డెక్కడంలోనే.

పక్కనే డ్రాగన్ మార్ట్ ఉంది. 2004లో తెరిచిన ఈ చైనా సరుకుల బజారు పొడవే కిలోమీటరు పైన. ఇళ్లలోవాళ్లు పొద్దున బయటికి పోతారు, బజారుకొచ్చేవాళ్లు సాయంత్రాలూ సెలవు రోజులూ లోపలికి వస్తారు. కొత్త కాలనీ కాగితం మీద ఉన్నప్పుడే ఈ రాకపోకలను అంచనా కట్టే పద్ధతిని ట్రాఫిక్ ప్రభావ అధ్యయనం అంటారు. ఇన్ని ఫ్లాట్లు, ఇన్ని దుకాణాలు వస్తే రద్దీ గంటలో ఎన్ని బండ్లు కదులుతాయి? ఇప్పుడున్న కూడలి ఆ బరువు మోస్తుందా? మోయకపోతే అదనపు లేనో సిగ్నలో ఎక్కడ వేయాలి, బస్సు ఎక్కడ ఆగాలి? దుబాయ్‌లో ఈ లెక్కలు చూసి అనుమతి ఇచ్చేది రోడ్లు, రవాణా సంస్థ ఆర్‌టీఏ. అది పుట్టింది 2005లో. డ్రాగన్ మార్ట్ దానికంటే ఏడాది పెద్దది!

మన దగ్గర ఇదే సంగతి బ్రోషర్లలో 'నలభై అడుగుల రోడ్డు' అన్న మాటగా కనిపిస్తుంది. ప్లాటు కొనేవాడు లోపలి రోడ్డును టేపు పెట్టి మరీ కొలుచుకుంటాడు. అది వెళ్లి కలిసే ఊరి రోడ్డు ఎంత ఇరుకో అడగడం మాత్రం అరుదు. అనుమతి లేని లేఅవుట్ల కోసం తెలంగాణ ప్రభుత్వం 2020లో ఎల్‌ఆర్‌ఎస్ అనే క్రమబద్ధీకరణ పథకం తెస్తే పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 10 శాతం ఖాళీ జాగా వదలని లేఅవుట్‌లో ప్లాటు విలువపై 14 శాతం కట్టాలన్నారు. సొమ్ము ఖజానాకు చేరుతుంది, కానీ ఇళ్ల మధ్య పార్కు మొలవదు.

ఇళ్లు లేచాక దారి దొరక్కపోతే భూమి కిందికి దిగాల్సిందే, అదీ చేతిలో డబ్బుంటే. 2024 డిసెంబరులో దుబాయ్ మెట్రో బ్లూ లైన్‌కు 2,050 కోట్ల దిర్హాముల కాంట్రాక్టు ఇచ్చారు. 30 కిలోమీటర్లు, 14 స్టేషన్లు. అందులో సగానికి పైగా సొరంగమే. ఇంటర్నేషనల్ సిటీలో కట్టే మార్పిడి స్టేషన్ కూడా నేల కిందే వస్తోంది. 2029 సెప్టెంబరు 9న, అంటే తొలి మెట్రో నడిచిన ఇరవై ఏళ్లకు, ఈ లైన్‌ను తెరవాలన్నది లక్ష్యం.

స్టేషన్ దిగాక ఇల్లు చేరేది ఎలాగూ కాళ్ల మీదే. బ్లూ లైన్ కాంట్రాక్టు ఇచ్చిన నెలలోనే ప్రకటించిన 'దుబాయ్ వాక్' ప్రణాళిక 2040 నాటికి నడక, సైకిల్ వంటి ప్రయాణాల వాటాను 13 నుంచి 25 శాతానికి పెంచుతామంటోంది. ఎండ నలభై అయిదు డిగ్రీలు కాసే ఊళ్లో పేవ్‌మెంట్ వెడల్పు ఒక్కటే చాలదు కాబట్టి, ఏసీ నడకదారులు కూడా అందులో చేర్చారు.